ఎడమకాలి బూటు

అక్కకు నమస్కారం.

ఇక్కడ నడుము తప్ప మిగతా అంతా క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, ఆయన గొడుగుల కొట్టూ క్షేమమని తలుస్తాను.

ఉత్తరం రాసి చాలాకాలమైందని కోప్పడకు. రాయాలంటే కూర్చోవాలి. కూర్చోవడం ఈమధ్య నాకంత తేలిగ్గా లేదు. ఇది కూడా కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. కొత్త బొమ్మలో నేను నిచ్చెన మీంచి పడాలి, నా మీద నిచ్చెన పడాలి, ఆ నిచ్చెన మీద జిగురు బాల్చీ పడాలి. బాల్చీ మొదటిసారే చక్కగా పడింది. దానికున్నపాటి తెలివి నిచ్చెనకీ నాకూ లేకపోయింది. సాయంత్రం దాకా పడుతూనే ఉన్నాం.

మా సినిమా కంపెనీ సంగతి నీకు తెలియనిదేముంది? కొట్టేవాళ్ళు బోలెడుమంది, పడేవాణ్ణి నేనొక్కణ్ణి. మాటల్లేని బొమ్మాయె. నోరు మెదిపితే ఎవరికీ వినిపించదు, పడితేనే కనిపిస్తుంది. పడటం మీద నాకు విసుగు లేదక్కా. పడి లేచాక ఎవరూ నవ్వకపోతే మాత్రం ఒంట్లో ఉన్న నొప్పులన్నీ ఒకేసారి తెలుస్తాయి.

ఈ బొమ్మని మొన్న ఇక్కడ పట్నంలో వేసి చూశారు. హాలంతా నిశ్శబ్దం. మధ్యలో ఎవరో దగ్గారు. మా పెద్దాయన, అంటే కంపెనీ యజమాని, అది నవ్వేమోనని ఆశగా వెనక్కి తిరిగి చూశాడట. కాదు, దగ్గే. బయటికొచ్చి నా భుజం మీద చెయ్యేసి, "పై ఊళ్ళ నించి జనం నవ్వారని ఒక్క కబురొస్తే సరి. లేకపోతే రేపటి నించి నువ్వు గుర్రం వెనక కాళ్ళు" అన్నాడు.

మా దగ్గర గుడ్డతో కుట్టిన గుర్రం ఒకటుంది. లోపల ఇద్దరు మనుషులు దూరాలి. ముందు కాళ్ళాయనకి చూసుకోవడానికి కంతలైనా ఉంటాయి. వెనక కాళ్ళాయనకి ముందు కాళ్ళాయన నడుమే లోకం. ఒకసారి అందులో దూరినవాడు మళ్ళీ ముఖం చూపించింది లేదు.

ఈ బొమ్మ వచ్చేవారం మీ ఊరొస్తోంది. బావగారిని తీసుకుని వెళ్ళు. కథ ముందే చెప్పను, చెబితే నవ్వు చచ్చిపోతుంది. జనం ఎంత నవ్వారో, ఎక్కడెక్కడ నవ్వారో ఉన్నదున్నట్టు రాయి. ఆ ఉత్తరం పెద్దాయనకి చూపిస్తాను. నా బతుకు ఇప్పుడు మీ ఊరి చేతిలో ఉంది.

ఇట్లు,
నిలబడే ఉన్న
నీ తమ్ముడు

తా.క. బొమ్మలో నన్ను కొట్టే లావాటాయన్ని చూసి కంగారుపడకు. ఆయన్ని మేం పర్వతం అంటాం. మనిషి వెన్న.

*

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది.

నవ్వారా అని అడిగావు. ఎవరికొస్తుంది నాయనా నవ్వు?

హాలు హాలంతా ఏడ్చింది. నా పక్కన కూర్చున్న దర్జీ గారి భార్య ఏడ్చి ఏడ్చి, తన చేతిగుడ్డ చాలక నాది తీసుకుంది. నాకు లేకపోయేసరికి నేను మీ బావ చొక్కా చెయ్యి పట్టుకున్నాను. మీ బావ సంగతి నీకు తెలుసు, మా పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా ఆయన గడియారం చూసుకున్న మనిషి. అలాంటాయన, బాగుచెయ్యడానికి ఎవరో ఇచ్చిన గొడుగు గుడ్డలో ముక్కు చీదాడు. అది డాక్టర్ గారి గొడుగని ఇంటికొచ్చాక తెలిసింది.

మా హాల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే ఆయన ఒకడున్నాడు. తెర మీద వచ్చే రాతలు ఇక్కడెవరికీ రాని భాషలో ఉంటాయి గనక ఆయనేం చెబితే అదే కథ. ఆయన ఇదివరకు వేలాలు వేసేవాడు. దివాలా తీసినవాళ్ళ కుర్చీలూ మంచాలూ అమ్మీ అమ్మీ, ఇప్పుడు ఏ కుర్చీ చూసినా ఆయన గొంతు పూడుకుపోతుంది. నీ బొమ్మకి ఆయన్ని మించినవాడు దొరకడు.

దీపాలు ఆర్పీ ఆర్పకముందే నువ్వు పైకప్పు అద్దం బద్దలుకొట్టుకుని ఓ పెళ్ళివాళ్ళ మధ్యలో ఊడిపడ్డావు. ఒక కాలికి బూటు లేదు. పెళ్ళికొడుకు రాలేదేమో, ఆ పిల్ల నిన్ను చూసి, నీ టోపీ దులిపి, తన చేత్తో నీ ఎడమకాలికి బూటు తొడిగింది. ఎంత చక్కటి పిల్లరా! పెళ్ళయింది. ఇల్లు, బల్ల, బల్ల మీద పూలు. నువ్వు కుర్చీలో కూర్చున్నావు, కుర్చీ విరగలేదు. "ఈ సుఖం ఎన్నాళ్ళుంటుందో చూడండి" అన్నాడు కథ చెప్పే ఆయన. అప్పుడే నా గుండెల్లో రాయి పడింది.

దీపాలు వెలిగి మళ్ళీ ఆరేసరికి నువ్వు బల్ల చెక్క మీద ఒంటరిగా పడుకుని ఉన్నావు. ఆ పిల్ల లేదు. ఎందుకు లేదో కథ చెప్పే ఆయన కూడా చెప్పలేకపోయాడు, చెయ్యి ఊపి ఊరుకున్నాడు. తర్వాత గోడలకి కాగితాలు అంటించే కూలికి పోయావు. నిచ్చెన, బాల్చీ, ఆ లావాటి మనిషి నిన్ను మెట్ల మీంచి తొయ్యడం. చివరికి ఓ కుక్కొచ్చి నీ ఎడమ బూటు లాక్కుపోయింది. ఆ పిల్ల తొడిగిన బూటేరా! నువ్వు మెట్ల మీద కూర్చుని, చిరిగిన మేజోడులోంచి బయటికొచ్చిన బొటనవేలు చూసుకుంటూ ఉంటే బొమ్మ అయిపోయింది. హాల్లో ఎవరూ లేవలేదు. కుక్కని తిట్టనివాళ్ళు లేరు.

నువ్వు ఇన్ని కష్టాలు పడుతూ, ఉత్తరాల్లో మాత్రం నిచ్చెన, బాల్చీ అని వేళాకోళాలు రాస్తున్నావు. అమ్మ పోయాక నిన్ను ఎత్తుకు తిరిగినదాన్ని. నాతో చెప్పుకోకపోతే ఎవరితో చెప్పుకుంటావు?

ఇట్లు,
కళ్ళు వాచిపోయిన
నీ అక్క

తా.క. ఆ లావాటి మనిషితో నా మాటగా చెప్పు. మా కొట్లో గొడుగులకి కొదవలేదు, నాకు చేతుల్లో బలం తగ్గలేదు.

*

అక్కకు నమస్కారం.

నడుము అలాగే ఉంది. దానికి తోడు ఇప్పుడు తలనొప్పి.

నేను అడిగింది నవ్వులు. నువ్వు పంపింది కన్నీళ్ళు. ఈ ఉత్తరం పెద్దాయనకి ఎలా చూపించను? ఆ బొమ్మలో పెళ్ళి చివర్లో వస్తుంది తల్లీ. కష్టాలన్నీ ముందు, పెళ్ళి తర్వాత. మొదట కుక్క బూటు లాక్కుపోతుంది, చివర్లో ఆ పిల్ల కొత్త బూటు తొడుగుతుంది, కుర్చీ విరగదు, శుభం. మీరు సగం అయ్యాక వెళ్ళి ఉంటారు. పెళ్ళి చూసి, పై ఆట మొదలైతే కూర్చుని ముందు సగం తర్వాత చూసి ఉంటారు. కొట్టుకి తాళం వేసి, వేశానో లేదోనని వెనక్కొచ్చి లాగి చూసి, మళ్ళీ బయల్దేరే బావగారితో వెళ్తే ఇంతే మరి.

ఇంకో మాట. నాకు రాసే ఉత్తరాల్లో ఎవరినీ బెదిరించకు. నేను బోర్లా పడుకుంటే నా వీపుకి మందు రాస్తూ, నీ ఉత్తరాలు పైకి చదివి వినిపించేది ఆ పర్వతమే. నిన్న కూడా గొంతు పెట్టి చదువుకుంటూ పోయాడు, కుక్క దగ్గర ముక్కు ఎగబీల్చాడు, తా.క. దగ్గరికొచ్చి ఆగిపోయాడు. తిరిగి చూస్తే అంత మనిషీ మందు సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మీ అక్కకి నా మీద అంత కోపమా?" అన్నాడు. "అది నిన్ను కాదయ్యా, బొమ్మలో నిన్ను" అంటే, "బొమ్మలో ఉన్నదీ నేనేగా" అన్నాడు.

ఇవాళ కొత్త బొమ్మ మొదలైంది. పెద్దాయన "కొట్టు" అని అరిచాడు. పర్వతం పసిపిల్లాడి బుగ్గ తట్టినట్టు తట్టి, కెమెరా తిరుగుతూ ఉండగానే "నొప్పి పుట్టిందా?" అని అడిగాడు.

దయచేసి బావగారిని ఇంట్లో వదిలేసి, మొదటి నించి చూసి రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. పర్వతం నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. దూరం నించి.

*

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది.

మేము ఆలస్యంగా వెళ్ళలేదు. ఆ మాటకి మీ బావ నొచ్చుకుని, రెండు పూటలు తాళం ఒక్కసారే లాగి చూశాడు.

నీ ఉత్తరం అందిన రోజే మళ్ళీ వెళ్ళాను. హాలు ఊడ్చే ఆవిడ ఇంకా ఊడుస్తూనే ఉంది. కాళ్ళు పైకెత్తి కూర్చున్నాను. దీపాలు ఆర్పారు. పెళ్ళే వచ్చింది. ఆ మర్నాడు వెళ్ళాను, అప్పుడూ పెళ్ళే. అలా వెళ్తూనే ఉన్నాను. ఏ రోజూ ఆ పిల్ల తిరిగి రాలేదు.

పెళ్ళి చివర్లో వస్తుందని రాశావు. ఆవిడ తిరిగొస్తుందని ఇంకా ఆశ పెట్టుకున్నావన్నమాట. నీకు పెళ్ళయిందని మాకు చెప్పకపోవడం తప్పే, కానీ ఇప్పుడు దెప్పి ఏం లాభం? ఎక్కడుందిరా ఆ పిల్ల? పుట్టింట్లోనా? నేనొచ్చి మాట్లాడనా? ఆడవాళ్ళం మేం మేం మాట్లాడుకుంటే తెగని గొడవలుండవు. పైకప్పు మీంచి ఊడిపడటం లాంటివి మానేస్తావని నా మాటగా హామీ ఇస్తాను.

ఊరంతా నీ గొడవే. హాలాయన ఇంకో బొమ్మ వేద్దామని చూస్తే జనం ఒప్పుకోలేదు. కథ చెప్పే ఆయన రోజురోజుకీ మెరుగులు దిద్దుతున్నాడు. ఆ చివరి మెట్ల దగ్గర ఇప్పుడు ఒక్క మాటా మాట్లాడడు, తన ఎడమ బూటు విప్పి తెర కింద పెట్టి పక్కకి తప్పుకుంటాడు. అది చూసి దర్జీ గారి భార్య తనదీ విప్పి పెట్టింది. ఆ పైన డాక్టర్ గారు, బడి పంతులమ్మ, రొట్టెలు కాల్చే ఆయన. నీకు పోయింది ఎడమదే కాబట్టి అందరూ ఎడమవే ఇచ్చారు. ఓ పెట్టెనిండా అయ్యాయి. రైల్లో పంపిస్తున్నాను, నీకు పట్టినది ఉంచుకో.

నాయనా, చాలు. వచ్చెయ్యి. కొట్లో కిటికీ పక్కన ఉన్న స్టూలు మీద ఊచలూ గుడ్డలూ పెట్టేవాళ్ళం. మీ బావ నిన్న అవన్నీ తీసి, స్టూలు తుడిచి పెట్టాడు. కూర్చుని చేసే పని. ఎవరూ తొయ్యరు.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఆ పర్వతం నిజంగానే బాధపడుతుంటే ఆయన కాలి కొలత పంపమను. మేజోళ్ళు అల్లుతాను. కానీ ఇంకోసారి నిన్ను మెట్ల మీంచి తోస్తే ఒక్కటే అల్లుతాను.

*

అక్కకు నమస్కారం.

పెట్టె అందింది. ఇంతమంది మనుషులు ఒంటి బూటుతో మీ ఊళ్ళో ఎలా తిరుగుతున్నారో ఆలోచిస్తేనే నాకు నీరసం వస్తోంది. ఒక్కటీ నాకు పట్టలేదు. డాక్టర్ గారిది వదులు, పంతులమ్మగారిది బిగుతు. పసిపిల్లది కూడా ఒకటుంది. అది చూసి పర్వతం మళ్ళీ మందు సీసా పట్టుకుని నిలబడిపోయాడు.

నాకు పెళ్ళి కాలేదు. ఆ పెళ్ళికూతురు మా కెమెరా తిప్పే ఆయన భార్య. పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చి, నా కాలికి బూటు తొడిగి, పొయ్యి మీద ఏదో మాడుతుందని పరుగెత్తుకు వెళ్ళిపోయింది. నువ్వు వెళ్ళి ఆవిడతో మాట్లాడితే ఆవిడ మొగుడు నన్ను నిజంగానే మెట్ల మీంచి తోస్తాడు.

ఇక్కడి పరిస్థితి చెబుతాను విను. పర్వతం చెయ్యెత్తుతాడు, నా ముఖం చూస్తాడు, చెయ్యి దించుతాడు. "గట్టిగా కొట్టవయ్యా, నా ఉద్యోగం పోతుంది" అని నేను బతిమాలాలి. బతిమాలితే ఆయన కళ్ళు చెమరుస్తాయి. పెద్దాయన నిప్పులు చెరిగి, ఆ బొమ్మ పక్కన పడేసి, నన్ను తీసుకెళ్ళి గుర్రంలో దూర్చాడు. రెండు రోజులుగా వెనక కాళ్ళు నేనే. లోపల చీకటి, ఉక్క. ముందు కాళ్ళాయన ఎటు పోతే అటు. నేను ఉన్నానని ఆయనకి కూడా గుర్తుండదు.

అక్కా, అలసిపోయాను. ఒళ్ళు అలిసిపోవడం నాకు కొత్త కాదు, పడుకుంటే తగ్గుతుంది. ఇది అది కాదు. ఇన్నేళ్ళు పడ్డాను కదా, ఎవరైనా నవ్వుకుని, ఇంటికి వెళ్ళేటప్పుడు మనసు తేలికపడి వెళ్ళారా? పట్నంలో దగ్గారు, మీ ఊళ్ళో ఏడ్చారు. నేను పడటంలో నవ్వే లేదేమో. అదే నిజమైతే ఈ పని ఎందుకు? బావగారి స్టూలు గురించి చదివాక, గుర్రంలో ఉన్నంతసేపూ దాని గురించే అనుకుంటున్నాను.

మీ ఊళ్ళో బొమ్మ ఇంకా ఆడుతోందని విని పెద్దాయన జుట్టు పీక్కుంటున్నాడు. నన్నొక పని మీద ఊరు పంపుతున్నాడు. తిరిగొచ్చాక స్టూలా, గుర్రమా తేల్చి రాస్తాను.

ఇట్లు,
గుర్రంలో సగం
నీ తమ్ముడు

తా.క. కాలి కొలత ఇమ్మంటే పర్వతం కాగితం మీద కాలు పెట్టి గీశాడు. కాగితం చాలలేదు. రెండోది అతికించి పంపుతున్నాను.

*

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది.

నిన్న హాల్లో ఒక ఘోరం జరిగింది. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు.

మధ్యాహ్నం ఆటకి ఎవడో పరాయి ఊరివాడు వచ్చి నా వెనక వరసలో కూర్చున్నాడు. గుబురు గడ్డం, నల్ల కళ్ళద్దాలు. చీకట్లో నల్ల కళ్ళద్దాలెందుకో అప్పుడే అనుమానించాల్సింది. పెళ్ళి అయినంతసేపూ గమ్మునే ఉన్నాడు. ఇంకా చెప్పాలంటే కంగారుపడ్డట్టు కదిలాడు, ముందుకీ వెనక్కీ చూశాడు. పోనీలే, మనసున్నవాడే అనుకున్నాను. నువ్వు బల్ల చెక్క మీద ఒంటరిగా నిద్ర లేచావో లేదో, "హు" అన్నాడు. నిచ్చెన దగ్గర "హుహు" అన్నాడు. బాల్చీ పడేసరికి పగలబడి నవ్వాడు!

హాలంతా గుండెలు పట్టుకుని కూర్చుని ఉంటే వాడికి నవ్వు! "ఏమండీ, మీకు అక్కచెల్లెళ్ళు లేరా?" అన్నాను. ఆ మాటకి ఇంకా నవ్వాడు. కథ చెప్పే ఆయన చెప్పడం ఆపేశాడు. "బాబూ, మర్యాదగా ఉండదు, బయటికి వెళ్ళండి" అన్నాను. వాడు వెళ్ళడానికి లేచాడు కూడా. సరిగ్గా అప్పుడే తెర మీద ఆ కుక్క నీ బూటు లాక్కుంది. వాడు తెర వంక చూసి, కుర్చీ పట్టుకుని, కడుపు పట్టుకుని, కన్నీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. చేతిలో మీ బావ కొత్తగా చేసిన గొడుగుంది, కొట్లో కల్లా గట్టిది. వేశాను ఒకటి. మళ్ళీ వేశాను. గొడుగు విరిగేదాకా ఆపలేదు. దర్జీ గారి భార్య చేతిసంచీతో తన వంతు తాను చేసింది. విచిత్రం చూడు, అన్ని దెబ్బలు పడుతున్నా వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులతోనూ గడ్డం పట్టుకుని నిలబడ్డాడు. ప్రాణం కన్నా గడ్డం మీద అంత మమకారమేమిటో!

చివరికి పరుగెత్తాడు. తలుపు దగ్గర స్టూలు తట్టుకుని, మెట్ల మీంచి కిందదాకా దొర్లుకుంటూ పోయాడు. పడటం కూడా చేతకాని మనిషి. ఒక పద్ధతా, ఒక అందమా? కాలో పక్క, చెయ్యో పక్క. నువ్వు పడితే చూడాలనిపిస్తుంది. అందరికీ అలా వస్తుందా?

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది గానీ, ఇంటికొచ్చాక తృప్తిగా నిద్రపట్టింది. నీకు అక్కడ ఎవరు ఏం చేస్తున్నా నేను అడ్డం పడలేకపోతున్నానని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. నిన్న ఒక్కరోజైనా అడ్డం పడ్డాను.

నీ నిర్ణయం రాయి. స్టూలు ఖాళీగానే ఉంది.

ఇట్లు,
చెయ్యి నొప్పితో
నీ అక్క

తా.క. ఆ దుర్మార్గుడి బూటొకటి మెట్ల మీద ఉండిపోయింది. చూద్దును కదా, ఎడమదే! మొన్నటివి ఒక్కటీ పట్టలేదన్నావుగా. పర్వతం మేజోళ్ళతో కలిపి దీన్నీ పంపుతున్నాను, వేసుకుని చూడు.

*

అక్కకు నమస్కారం.

నడుము క్షేమం. భుజాలు, వీపు, ఎడమ చెవి క్షేమంగా లేవు. కారణం కిందికి వెళ్తే తెలుస్తుంది.

బూటు అందింది. వేసుకుని చూశాను. ఇన్ని బూట్లలో ఇదొక్కటే నాకు అచ్చంగా పట్టింది. కుట్టించుకున్నట్టే ఉంది. కుట్టించుకున్నది నేనేగా మరి.

కూర్చో అక్కా. నిలబడి ఉంటే కూర్చుని చదువు. మంచినీళ్ళు తాగు. బావగారిని కంగారుపడొద్దని చెప్పు.

పెద్దాయన నన్ను పంపింది మీ ఊరికే. జనం ఎందుకు ఏడుస్తున్నారో కనుక్కు రమ్మన్నాడు. నా ముఖం మీ ఊళ్ళో అందరికీ తెలుసు కదా, స్టేషన్లో దిగగానే ఎడమ బూట్లతో మీద పడతారని భయపడి కంపెనీ పెట్టెలోంచి ఓ గడ్డం అంటించుకుని వచ్చాను. ఆట చూశాక ఇంటికొచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నువ్వే ముందు ఆశ్చర్యపరిచావు. ఆ గడ్డానికి జిగురు చాల్లేదు. అది ఊడితే నువ్వు నన్ను చూస్తావు, అంతమంది ముందు తమ్ముణ్ణి కొట్టానని కుప్పకూలిపోతావు. అందుకే రెండు చేతులూ దానికే పెట్టాల్సొచ్చింది. తర్వాత ఒంటి బూటుతో స్టేషన్‌కి పరుగెత్తి, కనిపించిన రైలెక్కాను. దారిలో ఒక కుక్క నా రెండో బూటు వంక చూసింది. దాన్ని కూడా నేనేమీ అనలేదు.

నువ్వు చెప్పింది ప్రతి ముక్కా నిజం. దీపాలు ఆర్పగానే పెళ్ళే వచ్చింది. ఎక్కడో నంబర్లు రాసిన రీలు డబ్బాల మూతలు తారుమారయ్యాయి. మీ హాల్లో రెండో రీలు ముందు, మొదటి రీలు తర్వాత వేస్తున్నారు. నేను కష్టాల్లోంచి పెళ్ళిలోకి పడ్డానని మేం తీస్తే, మీరు పెళ్ళిలోంచి కష్టాల్లోకి పడ్డానని చూశారు. అలా చూస్తే ఏడుపు రాక ఏమొస్తుంది? ఆ వేలంపాటాయన గొంతు వింటూంటే పెళ్ళి అయ్యేసరికి నాకే భయం వేసింది.

కానీ తర్వాత ఏమైందో విను. నా బొమ్మని నేనెప్పుడూ జనంలో కూర్చుని చూడలేదు. పట్నంలో కూడా బయట వరండాలో తిరుగుతూ ఉన్నాను, ఆ దగ్గు గోడ అవతలి నించే విన్నాను. ఆ రోజే మొదటిసారి చూశాను. ఆ మనిషి నిచ్చెన ఎక్కుతుంటేనే నాకు నవ్వొచ్చింది. పడ్డాడు. ఎంత బాగా పడ్డాడక్కా! బాల్చీ ఎంత సమయానికొచ్చింది! అక్కడ పడ్డది నేనని మరిచిపోయి నవ్వాను. నువ్వు వెనక్కి తిరిగి "అక్కచెల్లెళ్ళు లేరా" అనేసరికి ఇక ఆగలేదు. నా నవ్వు నువ్వు గుర్తుపట్టలేదని బాధపడకు. నేను నవ్వి ఎన్నాళ్ళైందో, నేనూ గుర్తుపట్టలేదు.

అందుకని స్టూలు మీద మళ్ళీ ఊచలు పెట్టుకోమని బావగారితో చెప్పు. నేను పడితే నవ్వొస్తుంది. నా కళ్ళతో చూశాను.

పెద్దాయనకి జరిగిందంతా చెప్పాను. ఎలా కొట్టావో చేసి చూపించమన్నాడు. పర్వతానికి నీ వేషం వేశాం. తలకి గుడ్డ చుట్టుకుని, గొడుగు పట్టుకుని కొట్టాడు చూడు! చెయ్యెత్తి ఆపడాల్లేవు, నొప్పి పుట్టిందా అనడాల్లేవు. "మొన్నటి దాకా కొట్టలేనన్నావుగా?" అంటే, "అప్పుడు కోపంతో కొట్టాలి. ఇప్పుడు అక్కలా కొట్టాలి, అది తమ్ముడి మీద ప్రేమతోనేగా" అన్నాడు. కెమెరా తిప్పే ఆయన నవ్వి నవ్వి పిడి వదిలేశాడు. ఆ మనిషి నవ్వగా ఈ కంపెనీలో ఎవరూ చూడలేదు. పెద్దాయన గుర్రాన్ని వేరేవాళ్ళకి ఇచ్చి, ఇదే మన కొత్త బొమ్మ అన్నాడు. తన బొమ్మ తానే చూసి నవ్వి, సొంత అక్క చేత దెబ్బలు తిన్నవాడి కథ. ఈసారి ఒకటే రీలు. మూతలు మారినా భయం లేదు.

నువ్వు ఈ ఉత్తరం చదివి ఏడుస్తావని నాకు తెలుసు. ఏడవకు. ఇన్నేళ్ళూ నన్ను కొట్టినవాళ్ళనే చూశాను. నాకోసం ఇంకొకణ్ణి కొట్టిన మనిషిని ఆ రోజే చూశాను. ఆ ఇంకొకడు కూడా నేనే కావడం నా రాత. దెబ్బలు తగులుతున్నంతసేపూ, మా అక్కకి నేనంటే ఎంత ఇష్టమో అనుకుంటూనే ఉన్నాను.

ఇట్లు,
రెండు కాళ్ళకీ బూట్లున్న
నీ తమ్ముడు

తా.క. మూతల సంగతి హాలాయనకి చెప్పకు. ఇప్పుడు ఆ పిల్ల తిరిగొస్తే దర్జీ గారి భార్య తట్టుకోలేదు.

మళ్ళీ తా.క. పడటం కూడా చేతకాని మనిషి అని రాశావు. నాలుగు రోజులుగా దాన్నే తలుచుకుంటున్నాను. గొడుగు సంగతి నేను మరిచిపోతాను, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకుంటూ రెండు ముక్కలు రాయి. పర్వతం చదివి వినిపిస్తాడు.